లయ శిక్షణ, బృంద వాదనం: ప్రాథమిక దశ

సంగీతం కొత్తగా నేర్చుకునే పిల్లలకు కాలప్రమాణం నిలుపుకోవడం, తాళం వేయడం, నలుగురితో కలిసి పాడడం, వాయించడం నేర్పే బోధనను లయ శిక్షణ అంటారు. ఈ వ్యాసం కర్ణాటక సంగీత సంప్రదాయానికి, అందులోనూ ముఖ్యంగా తెలుగునాట సాగే పద్ధతులకు పరిమితం. తాళ దశప్రాణాలు, ప్రస్తారం వంటి శాస్త్ర విషయాలు ఇక్కడ అవసరమైనంత మేరకే వస్తాయి.

తాళం చేతిలో మొదలవుతుంది

ఈ సంప్రదాయంలో తొలి లయవాద్యం పిల్లవాడి కుడి చేయి, తొడ. వీణ, వయొలిన్, మృదంగం ఏది నేర్చుకోవాలని వచ్చినా మొదట కింద కూర్చోబెట్టి తాళం వేయించడం పాత గురువుల అలవాటు. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు కలిస్తే లఘువు. ఆ తర్వాత దెబ్బ, ఉసి (చేతిని వెల్లకిలా తిప్పడం). మళ్లీ దెబ్బ, ఉసి. ఇవి రెండు ద్రుతాలు. శాస్త్రం దీన్ని చతురశ్రజాతి త్రిపుట తాళం అంటుంది. పిల్లలకు ఆ పేరు అలంకారాల దాకా వచ్చాక చెబితే సరిపోతుంది.

మొదటి సరళి వరసలో ఆరోహణ, అవరోహణ కలిపి పదహారు స్వరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం చొప్పున రెండు ఆవర్తాలు పడుతుంది. రెండో కాలంలో ఒక ఆవర్తంలో ముగుస్తుంది. మూడో కాలంలో సగం ఆవర్తమే చాలు, కాబట్టి ఆవర్తం నిండాలంటే రెండుసార్లు పాడాలి. లెక్క సులువే, అభ్యాసం కష్టం. తరగతిలో అన్నిటికన్నా తరచుగా కనిపించే తప్పు ఇక్కడే పుడుతుంది. రెండో కాలం అనగానే పిల్లలు స్వరాలను రెట్టింపు చేయడం మాని చేతినే పరుగెత్తిస్తారు. చెయ్యి అలాగే ఉండాలి, నోరు మాత్రమే మారాలి. ఈ ఒక్క విషయం పట్టుబడితే లయ శిక్షణలో సగం అయిపోయినట్టే. గురువు తన చేత్తో విద్యార్థి చేతిని పట్టుకుని తాళం వేయించే పాత పద్ధతి ఈ తప్పు దిద్దడానికే. దాన్ని మించిన ఉపాయం ఇంకా రాలేదనే చెప్పాలి.

అలంకారాలు, పురందరదాసు

సరళి, జంట వరసల తర్వాత వచ్చే సప్తతాళ అలంకారాలు లయ శిక్షణకు వెన్నెముక. వాడుకలో ఉన్న పాఠం ప్రకారం ధ్రువ 14, మఠ్య 10, రూపక 6, ఝంప 10, త్రిపుట 7, అట 14, ఏక 4 అక్షరాలు. వీటిని అంకెలుగా బట్టీ పట్టిస్తే లాభం లేదు. ధ్రువకూ అటకూ పద్నాలుగే, కానీ ఒకటి 4, 2, 4, 4గా నడుస్తుంది, ఇంకొకటి 5, 5, 2, 2గా నడుస్తుంది. మఠ్యకూ ఝంపకూ పదే, అయినా 4, 2, 4 వేరు. 7, 1, 2 వేరు. మొత్తం ఒకటే అయినా నడక మారితే పాట మారుతుందని పిల్లవాడికి చేత్తో తెలియజేయడమే అలంకారాల ప్రయోజనం.

రూపకం దగ్గర చిన్న చిక్కుంది. అలంకారంలో అది ఆరక్షరాల తాళం. కచేరీలో మాత్రం రెండు దెబ్బలు, ఒక ఉసితో మూడు క్రియలుగా వేస్తారు. పాఠంలో ఒకటి నేర్చుకుని సభలో మరొకటి చూసిన పిల్లలు తికమకపడడం సహజం. రెండూ ఒకే రోజు పక్కపక్కన వేసి చూపించడం మంచిది.

ఈ పాఠక్రమాన్ని మాయామాళవగౌళ రాగంలో ఏర్పరచింది పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. ఆయన జననం 1484 అని ఎక్కువమంది రాశారు, కొంత ముందుకు జరిపినవారూ ఉన్నారు. నిర్యాణం 1564 అన్న దానికి అంగీకారం ఎక్కువ. పాఠక్రమం మొత్తం ఆయన ఒక్కరి సృష్టే అనడానికి సంప్రదాయమే ప్రధాన ఆధారం. సప్తతాళాలకు సూళాది తాళాలని మరో పేరు. 1503లో పరమపదించిన తాళ్లపాక అన్నమాచార్యుల పేర కూడా ఈ తాళాల్లో నడిచే సూళాది రచన ఒకటి దొరికింది. అందువల్ల ఈ తాళాలు అప్పటికే వాడుకలో ఉన్నాయనీ, పురందరదాసు వాటిని నేర్చుకునేవారికి అనువుగా వరసపెట్టారనీ అనుకోవడం సమంజసం.

జతులు

మృదంగం నేర్చుకునేవారు త, ధి, తొం, నం అనే నాలుగు పాటాక్షరాలతో మొదలుపెడతారు. ఏ దెబ్బ వాయించినా ముందు నోటితో చెప్పాలి. చెప్పలేనిది వాయించకూడదన్నది నియమం. అలా నోటితో చెప్పే పాటాక్షరాల కూర్పులే జతులు. మూడుకు తకిట, నాలుగుకు తకధిమి, అయిదుకు తక తకిట, ఏడుకు తకిట తకధిమి, తొమ్మిదికి తకధిమి తక తకిట. ఇవే తిశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ జాతులు. ఏడు తాళాలను అయిదు జాతులతో గుణిస్తే ముప్పై అయిదు, మళ్లీ అయిదు గతులతో గుణిస్తే నూట డెబ్బై అయిదు. పరీక్ష పత్రంలో ఈ సంఖ్య తప్పక కనిపిస్తుంది. ప్రాథమిక తరగతికి మాత్రం పదో పన్నెండో చాలు.

గాత్ర విద్యార్థులకు జతులు చెప్పడం చాలాచోట్ల లేదు, అది మృదంగం వాళ్ల పనిగా వదిలేశారు. ఇది లోపం. నిలకడగా తాళం వేస్తూ అయిదు నిమిషాలు జతులు చెప్పిన పిల్లలు వర్ణం దగ్గర తడబడరు. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు ఈ బాధ తక్కువ, వారికి మొదటి రోజు నుంచీ జతి కాలిలోనే ఉంటుంది.

వాద్యం చేతికొచ్చాక

గాత్రం నేర్చుకునే పిల్లవాడికి తాళానికి చేయి ఖాళీగా ఉంటుంది. వయొలిన్, వేణువు పట్టుకున్నవాడికి రెండు చేతులూ పనిలోనే. అంతవరకూ చేతిలో ఉన్న తాళం ఇప్పుడు మనసులోకి పోవాలి, లేదా కాలి బొటనవేలికి దిగాలి. వైణికులకు కొంత వెసులుబాటుంది. వీణకు వాయించే తీగలు నాలుగు, పక్కన తాళపు తీగలు మూడు. ఆ మూడింటిని చిటికెన వేలితో మీటుతూ దెబ్బల లెక్క నిలుపుకుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ మీటును అలంకారంగా భావించి ఎక్కడ పడితే అక్కడ వేస్తారు. అది తాళంలో ఎక్కడ పడాలో మొదటి గీతం నాడే ఖాయం చేయించాలి.

గురువు దగ్గర ఒక్కొక్కరుగా నేర్చుకునే ఈ విద్య తర్వాత బడికీ చేరింది. విజయనగరంలో 1919లో పూసపాటి సంస్థానం నెలకొల్పిన సంగీత పాఠశాల తెలుగువారికి ఈ బోధనను తరగతి గదిలోకి తెచ్చిన తొలి పెద్ద సంస్థ. స్థాపనకు కారణంగా చూపులేని ఒక బాలుడికి సంగీతం చెప్పించాలన్న కోరికను చెప్పే కథనం ప్రచారంలో ఉంది. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). రెండు చేతులు, రెండు కాళ్లు, తల కలిపి అయిదు తాళాలు ఒకేసారి వేసే పంచముఖిని ఆయన ప్రదర్శించారు. లయబ్రహ్మ అన్న పేరు అందుకే వచ్చింది. లయ ముందు దేహంలో నిలవాలన్న మాటకు అంతకన్నా పెద్ద నిదర్శనం ఉండదు. వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) 1936లో అధ్యక్షులయ్యారు. తర్వాతి కాలంలో విజయవాడ, హైదరాబాదు తదితర నగరాల్లో ప్రభుత్వ సంగీత కళాశాలలు వచ్చాయి. విజయవాడ కళాశాల తొలి ప్రిన్సిపాలు మంగళంపల్లి బాలమురళీకృష్ణ.

బృంద వాదనం

కచేరీలో గాయకుడు, వయొలిన్, మృదంగం కలిసే ఉంటారు, కానీ ఆ కలయికను విడిగా పాఠంగా చెప్పే ఆచారం తక్కువ. శిక్షణ గురువుకూ ఒక్క శిష్యుడికీ మధ్య జరుగుతుంది. పక్కవాడిని వింటూ వాయించడం ఏళ్ల తర్వాత, వేదిక మీద, తప్పులు చేస్తూ అలవడుతుంది. బడిలో ముప్పైమంది పిల్లలకు ఈ పద్ధతి పనికిరాదు.

పెద్దల బృందవాదనానికి మాత్రం ఆధునిక కాలంలో గట్టి ఉదాహరణలున్నాయి. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యబృందాన్ని ఏర్పాటు చేసింది. రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ దాన్ని నడిపారు. తర్వాత మన ద్రాక్షారామం వైణికుడు ఈమని శంకరశాస్త్రి (1922–1987) దానికి రచనలు చేశారు.

పిల్లల విషయంలో అన్నిటికన్నా అనువైన సామగ్రి నొట్టుస్వరాలు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఉన్నకాలంలో సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు బ్యాండు విని, ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. మొత్తం ఎన్ని అన్న దానిలో తేడాలున్నాయి. ముప్పై తొమ్మిది అన్న లెక్క ఎక్కువగా వినిపిస్తుంది. సి.పి. బ్రౌన్ సేకరణతో ముడిపెట్టే ఒక తెలుగు ప్రతిని 1830ల తొలినాళ్లదిగా భావిస్తారు. అచ్చులో చూస్తే, 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువరించిన సుబ్బరామ దీక్షితులు ఆ మరుసటి ఏడు ఎట్టయపురం నుంచే తెలుగు లిపిలో ‘ప్రథమాభ్యాస పుస్తకము’ తెచ్చారు. అందులో నొట్టుస్వరాలు ముప్పైకి పైగా ఉన్నాయి. అంతటి పెద్ద గ్రంథం తెచ్చిన పండితుడు వీటిని ప్రథమాభ్యాసంలో పెట్టారంటే, ఇవి పసిపిల్లలకు తగినవని ఆయన నిర్ణయించినట్టే. తరవాతి పాఠ్యక్రమాలు ఆ నిర్ణయాన్ని పట్టించుకోలేదు.

తగినవి ఎందుకంటే, అన్నీ శంకరాభరణం స్వరాల్లోనే నడుస్తాయి, గమకం (స్వరాన్ని ఊపడం) లేదు, స్వరం స్వరంగా నిలుస్తుంది. లయ తిశ్రం లేదా చతురశ్రం. ‘శ్యామలే మీనాక్షి’ మొదలుపెట్టగానే పిల్లలు నవ్వి ‘ట్వింకిల్ ట్వింకిల్’ అంటారు. ‘సంతతం పాహిమాం’ బ్రిటిష్ రాజగీతపు బాణీ. గమకం ఉన్న పాటను ఇరవై వయొలిన్లు కలిసి వాయిస్తే ఒక్కొక్కరి ఊపు ఒక్కో చోట పడి స్వరం మసకబారుతుంది. గమకం లేనిచోట తప్పు ఎవరిదో పిల్లలకే వినిపిస్తుంది. ఒక వరస స్వరం వాయిస్తే, రెండో వరస షడ్జం, పంచమం పట్టుకుంటుంది. వాద్యం లేని పిల్లలు జతి చెబుతూ చప్పట్లు కొడతారు. ముందు శ్రుతి చేయడానికి గంటలో పావు వంతు పోతుంది. ఆ సమయం వృథా అనుకోకూడదు, అదీ పాఠమే.

నొట్టుస్వరాల దాకా వెళ్లకుండా మొదటి సరళితోనే చేయదగిన అభ్యాసం ఇంకొకటి ఉంది. తరగతిని మూడు వరసలుగా కూర్చోబెట్టాలి. అందరి చేతులూ ఒకే ఆదితాళం వేస్తాయి. మొదటి వరస మొదటి కాలంలో ఒకసారి, రెండో వరస రెండో కాలంలో రెండుసార్లు, మూడో వరస మూడో కాలంలో నాలుగుసార్లు పాడాలి. మధ్యలో గందరగోళంగా వినిపిస్తుంది. సరిగ్గా రెండు ఆవర్తాలు ముగిసేసరికి మూడు వరసలూ కలిసి షడ్జం మీదికి చేరతాయి. చేరని రోజు ఎవరు ముందు వెళ్లారో, ఎవరు వెనకబడ్డారో పిల్లలే చెబుతారు. ఆ తర్వాత వరసలు మార్చాలి, లేకపోతే చురుకైనవాళ్లంతా మూడో వరసలో స్థిరపడిపోతారు.

కోలాటం, చెక్కభజన

కలిసి లయ నిలపడాన్ని తెలుగు పల్లె ఎప్పుడో నేర్చుకుంది. కోలాటంలో కోపు అంటే ఒక నడక, ఒక అల్లిక. జతలు సరిగ్గా ఉండాలి, లోపలి వలయం, బయటి వలయం ఎదురెదురుగా తిరగాలి. ఒకరి కోల అరక్షణం ఆలస్యమైతే ఎదుటివారి కోల గాలిలో పోతుంది. తప్పు చెప్పడానికి గురువు అక్కర్లేదు. రాయలసీమ చెక్కభజనలో చేతిలో చెక్కలు, కాలిలో అడుగు, నోట్లో పాట మూడూ ఒకే కాలంలో నడవాలి. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లలో వాద్యం గుండె మీదే ఉంటుంది. వీటిని జానపద కళల విభాగంలో వేసి సంగీత పాఠానికి దూరంగా ఉంచడం మన పాఠ్యప్రణాళికల పెద్ద పొరపాటు. అయిదో తరగతి పిల్లలకు బృంద లయ చెప్పాలంటే కోలాటానికి మించిన మొదటి పాఠం లేదు, కోలలకు పెద్ద ఖర్చూ లేదు. బడి బ్యాండులో సైడ్ డ్రమ్ములు, బూర మోగించే పిల్లలకూ ఇది ముందు నేర్పవచ్చు.

ఇతర పద్ధతులు

హంగేరీలో కొడాయ్ పద్ధతి లయకు ‘టా’, ‘టి టి’ వంటి అక్షరాలు వాడుతుంది. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ పద్ధతి చప్పట్లు, తొడ దెబ్బలతో మొదలవుతుంది. పోలికలు స్పష్టమే, ప్రభావం ఉందని చెప్పడానికి ఆధారం లేదు.

విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఇప్పుడు వీడియో పాఠాలు మామూలయ్యాయి. శబ్దం అవతలికి చేరడానికి పట్టే ఆలస్యం వల్ల గురుశిష్యులు కలిసి తాళం వేయలేరు. గురువు వేస్తే శిష్యుడు వినాలి, శిష్యుడు పాడితే గురువు ఆగాలి. ఒక్కొక్కరికి పాఠం చెప్పడానికి ఇది సరిపోతుంది. బృందానికి సరిపోదు, ఆ పిల్లలను వారానికొకసారైనా ఒక గదిలో కూర్చోబెట్టాలి.

కోలాటం కోపులు చాలావరకు అచ్చుకెక్కలేదు. కోపుల వరసలు రాసుకున్న నోటు పుస్తకాలు మీ ఇంట్లోనో, మీ ఊరి కోలాటం గురువు దగ్గరో ఉంటే వాటికి ఒక నకలు తీయించి దగ్గరలోని సంగీత కళాశాల గ్రంథాలయానికి ఇవ్వండి.