మెక్సికో దేశపు వంశావళులు: కాగితము చెప్పునది, చెప్పనిది

ఒక సామాన్య కుటుంబపు చరిత్ర తెలియుటకు రాజశాసనములు అక్కరలేదు. ఒక చర్చి గురువు తన విధిగా వ్రాసి యుంచిన నాలుగు పంక్తులు చాలును. మెక్సికో దేశమున స్పెయిను పరిపాలన 1521 మొదలు 1821 వరకు మూడువందల ఏండ్లు సాగినది. ఆ కాలమున బ్రదికిన చెప్పులు కుట్టువారి పేర్లు, దాసీల పేర్లు నేటికిని దొరకుచున్నవన్నచో, అందులకు ముఖ్యకారణము చర్చి దస్తరములే.

మెక్సికో నగరపు ప్రధాన దేవాలయమున జ్ఞానస్నానపు పుస్తకములు 1536 నుండియే కలవు. 1563లో ట్రెంట్ నగరపు మతసభ, ప్రతి గురువును వివాహములకు పుస్తకముంచవలెనని శాసించిన పిదప ఈ అలవాటు మరింత స్థిరపడినది. జ్ఞానస్నానపు పద్దులో శిశువు పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, తేది సాధారణముగా నుండును. వివాహమునకు ముందు జరుపు విచారణలో ఇంకను హెచ్చు సంగతులు తెలియును. వధూవరుల జన్మస్థలము, వయస్సు, వారు ఆ యూర ఎంతకాలముగా నున్నదియు సాక్షులు ప్రమాణము చేసి చెప్పవలెను. దగ్గర బంధువులు పెండ్లాడగోరినచో, ఉమ్మడి పూర్వికుని వరకు వంశవృక్షమును గీచి చూపి అనుమతి పొందవలసి యుండెను. నాడు వధూవరులకు తలనొప్పియైన ఆ పత్రమే నేటి పరిశోధకునకు పెన్నిధి.

పరిశోధకుడు ఎప్పుడును తెలిసిన తరము నుండి తెలియని తరమునకు వెనుకకు నడువవలెను. 1859లో ఏర్పడిన ప్రభుత్వ జనన మరణ దస్తరములు మొదటి మెట్టు. అంతకు పూర్వము చర్చి పుస్తకములు. వాని పిదప వీలునామాలు, కట్నపు పత్రములు, బానిసల విక్రయపత్రములు. వలస వచ్చిన పూర్వికుని జాడ దొరకినచో, 1785లో సెవిల్ నగరమున నెలకొల్పబడిన ఇండీస్ పత్రాగారమున ఓడ ప్రయాణికుల అనుమతులను వెదకవచ్చును. ఇంటిపేరును మాత్రము నమ్మరాదు. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు తండ్రి పేరును, మరియొకరు తల్లి పేరును, వేరొకరు అవ్వ పేరును ధరించుట ఆనాడు వింత కాదు.

ఇంతకన్న చిక్కైనది జాతిని సూచించు మాట. పెక్కు చర్చిలలో స్పెయిను సంతతికి ఒక పుస్తకము, ఆదిమజాతులవారికి ఒకటి, మిశ్రమ సంతతికి వేరొకటి యుండెడివి. మెస్తీసో, ములాతో మొదలగు పేర్లు పెక్కు పద్దులలో కానవచ్చును. ఆ మాటను వ్రాసినది ఎవరు? తల్లిదండ్రులు చెప్పినది కొంత, గురువు కంటికి తోచినది కొంత, ఊరిలో ఆ కుటుంబమునకు గల పరపతి కొంత. కావుననే ఒక మనిషి జ్ఞానస్నానమున ఒక జాతివాడుగను, పెండ్లినాడు వేరొక జాతివాడుగను కానవచ్చుట కలదు.

స్వాతంత్ర్య సమర నాయకుడైన హోసే మరియా మొరేలోస్ వంశమును చూడుడు. ఆయన 1765లో వయ్యదొలీద్ నగరమున జన్మించెను. ఆ నగరమునకు 1828 నుండి ఆయన పేరిట మొరేలియా అను నామము కలిగినది. జ్ఞానస్నానపు పద్దులో ఆయన తల్లిదండ్రులు స్పెయిను సంతతివారని యున్నది. కాని ఆయన పూర్వికులలో ఆఫ్రికా జాతివారును గలరని చరిత్రకారులు పలువురు తలంతురు. తల్లివైపు ముత్తాత, తన వంశమున గురువృత్తి నవలంబించువానికై కొంత ఆస్తిని ధర్మముగా నేర్పరచెను. దానికై ఆ కుటుంబము ఏండ్ల తరబడి వ్యాజ్యమాడవలసి వచ్చినది. తాత వివాహబాహ్య సంతానమగుట అడ్డంకియైనది. ఆ వ్యాజ్యపు కాగితములే నేడు ఆ వంశపు తరములను మనకు తెలుపుచున్నవి. జాతిభేదములు తొలగవలెనని 1813లో ప్రకటించినవాడు ఆ మొరేలోసే యగుట గమనింపదగినది.

మన దేశమునకు సంబంధించిన ఉదాహరణ మొకటి కలదు. మనీలా నుండి అకపుల్కోకు వచ్చు ఓడలలో ఆసియా బానిసలు పెక్కుమంది మెక్సికో చేరిరి. వారు ఏ దేశమువారైనను అచ్చటి దస్తరములందు సాధారణముగా “చీనా”వారే. 1688లో ప్వెబ్లా నగరమున మరణించిన కతరీనా దె సాన్ హువాన్ అట్టిదే. మొగలాయి రాజ్యమున పుట్టి, మిర్రా అను పేరు గలిగి, సముద్రపు దొంగల చేజిక్కి బానిసయైనదని ఆమె జీవితకథలు వ్రాసిన గురువులు చెప్పిరి. ఆమె తల్లిదండ్రులను ధ్రువపరచు పద్దు మెక్సికోలో ఏ పుస్తకమునను వెదకి లాభము లేదు. ఇట్టివారి వంశవృక్షము రేవు వద్దనే ఆగిపోవును.

స్వాతంత్ర్యానంతరము 1822లో చర్చి పుస్తకములందు జాతి పేరు వ్రాయరాదని ఉత్తరువు వచ్చినది. అది న్యాయమైన ఉత్తరువు. దానివలన పరిశోధకునకు ఒక గుర్తు తప్పిపోవును. కాని ఆ గుర్తు మొదటినుండియు పూర్తిగా నమ్మదగినది కాదు.

1950ల నుండి ఈ పుస్తకములను సూక్ష్మచిత్రములుగా తీసిరి. నేడు వానిలో చాలభాగము గణకయంత్రములపై ఇంటినుండియే చూడనగును. పనులు సులభమైన కొలది తొందరయు హెచ్చును. ఒక పేరు కనబడగానే అతడే మన తాత యని నిర్ణయింపక, సాక్షులెవరు, జ్ఞానపిత ఎవరు, ఏ పుస్తకమున వ్రాసిరి, ఎవరి మేలునకై వ్రాసిరి అని అడుగవలెను. “తండ్రి తెలియడు” అను పద్దు కనబడినచో దానిని దాటిపోరాదు. ఆ రెండు మాటల వెనుక ఒక తల్లి ఆ బిడ్డను ఎత్తుకొని గురువు ఎదుట నిలిచియుండెను. వంశావళిలో ఆమె పేరును వ్రాయుట మన పని.