కీలు ధర 13,000 డాలర్లు, విమానం టికెట్‌తో కలిపి ఆపరేషన్ 13,660

ఈసారి రాజులు, యుద్ధాలు లేవు. ఒక హాస్పిటల్ బిల్లు చరిత్ర చెప్తాను.

2007. అమెరికాలోని కొలరాడోలో ఒకాయనకి తుంటి కీలు అరిగిపోయింది. ఇన్సూరెన్స్ ఉంది. కానీ ఎప్పుడో ఆటల్లో తగిలిన పాత దెబ్బ వల్ల వచ్చిన సమస్య కాబట్టి డబ్బులు ఇవ్వం అన్నారు. తెలిసినవాళ్ల ద్వారా కీలు తయారుచేసే కంపెనీనే అడిగితే 13,000 డాలర్లకి ఇస్తామన్నారు. అది కీలు ఒక్కదానికే. హాస్పిటల్ ఖర్చు ఇంకో 65,000, సర్జన్ ఫీజు మళ్లీ వేరే.

ఆయన విమానం ఎక్కి బెల్జియం వెళ్లాడు. కీలు, డాక్టర్లు, రూము, మందులు, ఊతకర్రలు, ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు, రానూపోనూ టికెట్... మొత్తం కలిపి 13,660 డాలర్లు. 2013లో న్యూయార్క్ టైమ్స్ ఈ కథ రాశాక చాలామంది నోరెళ్లబెట్టారు. ఎందుకంటే అక్కడ ఆయనకి వేసింది కూడా అమెరికన్ కంపెనీ కీలే!

ఆ కంపెనీ ఉండేది ఇండియానా రాష్ట్రంలో వార్సా అనే చిన్న ఊళ్లో. 1895లో డిప్యూ అనే ఆయన విరిగిన ఎముకలకి కట్టే బద్దలు అమ్ముతూ అక్కడ వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయన దగ్గర సేల్స్‌మన్‌గా చేసిన జిమ్మర్ 1927లో బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టాడు. అలా ఆ ఊరు కీళ్ల ఊరైపోయింది.

ఇక అసలు ఆపరేషన్. ఇంగ్లండ్‌లో రైటింగ్‌టన్ అనే హాస్పిటల్‌లో జాన్ చార్న్‌లీ మొదట టెఫ్లాన్ గిన్నెతో కీలు చేశాడు. అది త్వరగా అరిగిపోయి పేషెంట్లు ఇబ్బంది పడ్డారు. 1962లో గట్టి పాలిథిలిన్‌కి మారాడు. చిన్న లోహపు గుండు, ప్లాస్టిక్ గిన్నె, ఎముకకి అతికించే సిమెంటు. ఈరోజుకీ పునాది అదే. ఫోన్ అయితే పాతబడేకొద్దీ రేటు పడిపోతుంది. మరి ఈ కీలుకి ఎందుకు పడలేదు?

నాకు అర్థమైంది ఇదీ. నొప్పితో కుంటుతున్న మనిషి బేరం ఆడలేడు. బెల్జియంలో ఆయన తరఫున ప్రభుత్వం బేరం ఆడింది, ఫీజులకీ ఇంప్లాంట్ ధరలకీ హద్దు పెట్టింది. అమెరికాలో ఎవరికి వారే. అంటే ఆయన వెళ్లింది చవకైన డాక్టర్ కోసం కాదు, తన తరఫున ఎవరో ముందే బేరం ఆడి ఉంచిన దేశానికి.

ఈ దారి మనవైపు నుంచి కూడా ఉంది. 1979లో ఒక పేషెంట్ గుండె ఆపరేషన్‌కి అమెరికా వెళ్లే డబ్బు లేక చనిపోవడం చూశాకే హాస్పిటల్ పెట్టాలనుకున్నానని చిత్తూరు జిల్లా అరగొండకి చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి చెప్తారు. 1983లో చెన్నైలో అపోలో మొదలైంది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి దారి తిరగబడింది. తుంటి ఎముకని పూర్తిగా కోయకుండా పైన లోహపు తొడుగు వేసే బర్మింగ్‌హామ్ పద్ధతి 1997లో వచ్చింది. అమెరికాలో దానికి 2006 దాకా అనుమతి లేదు. అందుకని కొందరు అమెరికన్లు చెన్నై వచ్చి చేయించుకున్నారు.

అలాగని మన దగ్గర ధరలన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం మోకాలి ఇంప్లాంట్‌కి సగటున 1,58,324 రూపాయలు తీసుకునేవాళ్లు. 2017 ఆగస్టులో కేంద్రం దాన్ని 54,720కి దించింది. అదే ఇంప్లాంట్, అవే మోకాళ్లు. మారింది బేరం ఆడే చెయ్యి మాత్రమే.

చివరగా, ధర కంటే ముఖ్యమైన మాట. లోహం మీద లోహం రాసుకునే ఏఎస్‌ఆర్ అనే తుంటి కీలుని 2010లో డిప్యూ కంపెనీ ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. లోపలి లోహం అరిగి రక్తంలో కలుస్తోంది, చాలామందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. భారత్‌లో దాదాపు 4,700 ఆపరేషన్లలో ఆ కీలు వేశారు. వాళ్లలో చాలామంది ఎక్కడున్నారో తర్వాత దొరకనే లేదు. ఒక దేశంలో ఆపరేషన్, ఇంకో దేశంలో ఇల్లు అయితే ఆ మనిషిని వెతికేదెవరు?

అందుకే మీ అమ్మమ్మకో, నాన్నకో కీలు మార్పిస్తుంటే, ఊళ్లోనైనా విదేశంలోనైనా, ఒక్క పని చేయండి. ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి అడిగి తీసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. బిల్లు పోయినా పర్లేదు, అది పోగొట్టుకోవద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.