పియానోకు తోడు దొరికింది: ఇంగ్లీషు వారి చిన్న కాన్చెర్టోలు

అమెరికాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో పియానోనో, కనీసం డిజిటల్ కీబోర్డో తరచుగా కనిపిస్తుంది. మా అక్క కూతురు కూడా చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటోంది. హైస్కూల్లో చేరాక ఒకరోజు "ఇక మానేస్తాను మామయ్యా" అంది. వయొలిన్, చెల్లో నేర్చుకున్న స్నేహితులందరూ స్కూలు ఆర్కెస్ట్రాలో కలిసి వాయిస్తున్నారు. తనేమో గదిలో ఒంటరిగా సాధన చేసి, ఏడాదికోసారి రిసైటల్లో ఒంటరిగా వాయించాలి. అదీ తన బాధ. వాళ్ళ టీచరు చూపించిన దారి గురించి నేను తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

ఒక వాద్యం ముందుండి, మిగతా బృందంతో సంభాషిస్తున్నట్టు సాగే రచనను కాన్చెర్టో అంటారు. సాధారణంగా ఇందులో మూడు భాగాలుంటాయి: మొదటిది వేగంగా, రెండోది నెమ్మదిగా, మూడోది మళ్ళీ వేగంగా. మన కచేరీలోలాగా మనోధర్మానికి ఇక్కడ పెద్దగా చోటు లేదు, దాదాపు అంతా ముందే రాసి ఉంటుంది. చైకోవ్‌స్కీ, రాఖ్మానినోవ్‌ల ప్రసిద్ధ పియానో కాన్చెర్టోలు అరగంటకు పైగా నడుస్తాయి. బాకాలు, వేణువులు, డ్రమ్ములతో సహా పూర్తి ఆర్కెస్ట్రా కావాలి. అది స్కూలు పిల్లలకు అందే పని కాదు.

స్ట్రింగ్ ఆర్కెస్ట్రా సంగతి వేరు. అందులో మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బేస్ మాత్రమే ఉంటాయి. ఇక్కడి చాలా స్కూళ్ళలో ఆర్కెస్ట్రా క్లాసు అంటే ఇదే, ఊదే వాద్యాలు బ్యాండులోకి పోతాయి. 20వ శతాబ్దపు ఇంగ్లీషు స్వరకర్తలు ఇలాంటి బృందానికి పియానోను జోడించి కొన్ని చక్కని రచనలు చేశారు.

వాటిలో తేలికగా, హాయిగా సాగేవాటిని లైట్ మ్యూజిక్‌కు దగ్గరివిగా చెప్పుకోవచ్చు. బీబీసీ 1945 నుంచి 1967 దాకా 'లైట్ ప్రోగ్రామ్' పేరుతో ఒక రేడియో స్టేషనే నడిపింది. మన ఆకాశవాణి లలిత సంగీతం గుర్తుంది కదా, ఈ మాటకు అదే దగ్గరి అర్థం.

మా అమ్మాయికి టీచరు ఇచ్చింది వాల్టర్ లీ 1934లో రాసిన కాన్చెర్టీనో. హార్ప్‌సికార్డ్ మీద గానీ పియానో మీద గానీ వాయించవచ్చు. మూడు భాగాలూ కలిపి సుమారు పది నిమిషాలు. బాఖ్ కాలపు పోకడ కనిపిస్తుంది గానీ స్వరాల నడక మాత్రం ఆధునికం. అదే ఏడాది వచ్చిన 'సాంగ్ ఆఫ్ సిలోన్' అనే డాక్యుమెంటరీకి సంగీతం కూడా ఆయనదే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరిన లీ, 1942 జూన్‌లో లిబియాలోని టోబ్రుక్ దగ్గర చనిపోయారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏడేళ్ళు కూడా నిండలేదు.

జెరాల్డ్ ఫింజీ (1901–1956) రాసిన 'ఎక్లోగ్' మరొకటి. దీన్ని తేలిక సంగీతం అనలేం గానీ ప్రశాంతంగా సాగుతుంది. ఆయన పియానో కాన్చెర్టో ఒకటి రాయాలనుకుని పూర్తి చేయలేకపోయారు. అందులోని నెమ్మది భాగమే ఇది, ఆయన మరణానంతరం అచ్చయింది. ఫింజీ 'న్యూబరీ స్ట్రింగ్ ప్లేయర్స్' అనే ఔత్సాహికుల బృందాన్ని కూడా ప్రారంభించారు.

గోర్డన్ జేకబ్ కూడా 1927లో పియానోకూ స్ట్రింగ్స్‌కూ కాన్చెర్టో రాశారు. మీ పిల్లలు బ్యాండులో ఉంటే ఆయన 'విలియం బర్డ్ సూట్' పేరు వినే ఉంటారు. రిచర్డ్ అడిన్సెల్ 'వార్సా కాన్చెర్టో' (1941) చిన్నదే, సినిమా కోసం రాసిందే అయినా దానికి పూర్తి ఆర్కెస్ట్రా కావాలి.

మీ ఇంట్లోనూ ఇలాంటి పియానో విద్యార్థి ఉంటే, ముందు లీ కాన్చెర్టీనో కలిసి వినండి. తర్వాత టీచరుతో మాట్లాడండి. మొదట్లో ఆర్కెస్ట్రా భాగాన్ని టీచరే రెండో పియానో మీద వాయించి సాధన చేయించగలరు. ఆపైన స్కూలు ఆర్కెస్ట్రా డైరెక్టరును ఒక భాగానికైనా అవకాశం అడగవచ్చు. మా అమ్మాయి నెమ్మది భాగంతో మొదలుపెట్టింది. తన భాగం లేనిచోట ఆగి, పక్కవాళ్ళను వినడమే అన్నిటికన్నా కష్టమట. మానేస్తానన్న మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.