వంశపల్లె: కాల్పనిక లోకాలకు రాయలసీమ నమూనా

ఒకే మూలపురుషుని సంతతిగా చెప్పుకునే కొన్ని కుటుంబాలు, వాటిని ఆశ్రయించుకొన్న వృత్తి కుటుంబాలు కలిసి నివసించే చిన్న గ్రామాన్ని వంశపల్లె అనవచ్చు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’తో ప్రాచుర్యానికి వచ్చిన రోల్ ప్లేయింగ్ ఆటల్లో, అంటే ఆటగాళ్ళు తలా ఒక పాత్ర వహించి ఉమ్మడిగా కథ నడిపే ఆటల్లో, ఇటువంటి పల్లె తరచుగా కథకు తొలి మజిలీ అవుతుంది. ఆ పల్లెలకు ఐరోపా గ్రామమే ఎక్కువగా ఒరవడి కావడంవల్ల, నీరు కరవైన చోట ఊరు ఎలా కుదురుకుంటుందన్న ప్రశ్న వాటిలో అరుదుగా తలెత్తుతుంది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల మెట్టపల్లెలను పరిశీలిస్తే, ఊరి రూపాన్ని నిర్ణయించేది ఇళ్ళ వరుస కాదనీ, నీటిపైనా కావలిపైనా ఎవరి హక్కు ఎంత, ఎవరు ఎవరికి ఏమి చెల్లించాలి అన్న కట్టుబాట్లేననీ తెలుస్తుంది. కాబట్టి పటం గీసేవారు ఆ కట్టుబాట్లను ముందు స్థిరపరచుకోవాలి.

ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన కురుస్తుంది. అదీ కొద్ది రోజుల్లోనే కురిసి వంకల వెంట పారిపోతుంది కనుక, పారే నీటిని ఆపగలిగిన చోటే ఊరు నిలుస్తుంది. అటువంటి చోటును ఎంచుకోవడానికి శాస్త్రగ్రంథంతో పోల్చదగిన ఆధారం కడప జిల్లా పోరుమామిళ్ళలో ఉంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ అనంతరాజసాగరమనే చెరువు కట్టించి 1369లో వేయించిన సంస్కృత శాసనం, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, దానికి పట్టే ఆరు దోషాలను పేర్కొంటుంది. ధర్మబుద్ధి గల పాలకుడు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టినేల, తియ్యని నీటి ఏరు, కట్టకు ఇరువైపులా ఆనుకొనే కొండలు, నిడుపైన రాళ్ళు దొరికే గని, పని తెలిసిన కూలీల బృందం ఆ అంగాలలో కొన్ని. దోషాల పట్టిక ఆట రూపకర్తకు ఇంకా విలువైనది: కట్టనుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం అన్న వాటితోపాటు, రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడాన్ని కూడా శాసనకర్త దోషంగానే లెక్కించాడు. ఈ చివరి దోషమొక్కటి చాలు, ఒక కథ మొత్తం నడపడానికి.

చెరువు లేని పల్లెకు కపిల బావి, అంటే ఎడ్లచేత తోలుబొక్కెనను లాగించి నీరు తోడే బావి, ఆధారం. వేసవిలో ఏటి ఇసుకలో తవ్వుకొనే చెలమ ఆఖరి ఆధారం. చెరువు నీటిని ఏ మడికి ఎప్పుడు వదలాలో చూసే ఊరి ఉద్యోగిని నీరుగంటి అంటారు. మంత్రబలంతో నీరు పుట్టించగల లోకాన్ని కల్పించినా నీరుగంటి అక్కర తీరదు. ఆ మంత్రగాడే నీరుగంటి అవుతాడు, అతనితో కలహించడానికి ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలదు.

ఇళ్ళకు కావలసిన సరుకును నేలే ఇస్తుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో పలకలుగా లేచివచ్చే నాపరాయి గోడలకు, గచ్చుకు, గట్టుకు కూడా పనికివస్తుంది. మట్టిమిద్దెకు దూలాలపై దంతెలు, వాటిపై పుల్లలో బండలో పరచి, ఆపైన చవుడు మట్టి దట్టంగా వేస్తారు. చెరువుకు దోషమైన చవుడే మిద్దెపై వాన నీటిని ఇంకనివ్వని గుణమవుతుంది. మిద్దెలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటే వేసవి రాత్రులు పడుకోవడానికీ, దాడి జరిగినప్పుడు ఇంటినుంచి ఇంటికి దాటిపోవడానికీ అవే దారి. ధాన్యం దాచే పాతర నేలలో తవ్విన గొయ్యి. చాలాకాలం మూసి ఉంచిన పాతరలో చెడుగాలి నిలుస్తుంది కాబట్టి, మూత తీసిన వెంటనే దిగినవాడి ప్రాణానికి ముప్పు. కరవులో ఊరు ఎవరి మాట వింటుందో పాతరలే తేలుస్తాయి: 1866 నాటి డొక్కల కరవులో అన్నదానం చేసిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు నేటికీ ఆ సీమలో నిలిచి ఉంది.

రక్షణ విషయానికి వస్తే, విజయనగర పతనం తరవాత ఈ ప్రాంతాన్ని పంచుకొన్న పాళెగాళ్ళు, అంటే సొంత బంట్లతో కోటలు నిలుపుకొన్న స్థానిక అధిపతులు, పల్లెలకు కావలి కాసి అందుకు ప్రతిఫలం వసూలు చేసుకొనేవారు. కావలికి, దోపిడికి మధ్య గీత పలచన. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, 1807 వరకు ఇక్కడ పనిచేసిన కలెక్టరు థామస్ మన్రో పాళెగాళ్ళ సైనికబలాన్ని అణచివేశాడు. మాన్యాలు అనుభవిస్తూ కాపలా ఉద్యోగం చేసిన కట్టుబడి బంట్లు మాత్రం ఊళ్ళలోనే మిగిలారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగుబాటు లేవదీసినప్పుడు అతనికి అండగా నిలిచినవారిలో వీరు ముఖ్యులు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అతన్ని ఉరితీశారు. ఊరి బురుజు పునాది ఎంత లోతో లెక్కగట్టడం కంటే, దానిపై నిలబడేవాడికి ఏ పొలం మాన్యంగా ఇచ్చారో నిర్ణయించడం రూపకర్తకు ఎక్కువ పనికివస్తుంది.

వంశపల్లెను రమ్యంగా చిత్రించే తాపత్రయంలో దాచకూడని అంశం ఒకటుంది. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి ఎడంగా ఉండేవి. కపిల బొక్కెన తోలు వారి చేతిమీదే సిద్ధమైనా, ఊరి బావిలో నీరు తోడుకొనే హక్కు వారికి ఉండేది కాదు. ఈ ఎడాన్ని చెరిపేసి గీసిన పల్లె అందంగా ఉండవచ్చు గాని, అక్కడి పనులు ఎవరు చేస్తారో చెప్పలేదు.

వైరాన్ని ఒక రోజుకు కట్టడి చేసే ఆచారాలు కూడా ఈ నేలపై ఉన్నాయి. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు ఊరు రెండు వర్గాలుగా చీలి పిడకలతో కొట్టుకొంటుంది. వీరభద్రస్వామికి, కాళికాదేవికి పెళ్ళి విషయంలో పుట్టిన తగాదాగా ఊరివారు దీన్ని చెప్పుకొంటారు. దేవరగట్టులో దసరా రాత్రి నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు మాళమల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తులను కాపాడుకొంటూ ఇతర గ్రామాలవారితో కర్రలతో తలపడతారు. తలలు పగలడం అక్కడ మామూలు. ఇటువంటి పండుగను కల్పించేటప్పుడు దాని నియమాలు, ఆయుధం, ముగిసే ఘడియ ముందే నిర్ణయించాలి; ఆ ఘడియ దాటాక కర్ర ఎత్తినవాడే ఊరికి అసలైన శత్రువు.

ఊరికి పూర్వచరిత్ర రాయదలచినవారికి కాలిన్ మెకంజీ బృందం 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో సేకరించిన గ్రామ వృత్తాంతాలు, అంటే కైఫీయత్తులు, చక్కని ఒరవడి. కడప జిల్లాకు చెందినవాటిని కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించింది. అడవి ఎవరు కొట్టారు, గుడి ఎవరు కట్టారు, కరణీకం ఎవరి చేతికి వచ్చింది, ఊరు ఎప్పుడు పాడుపడి మళ్ళీ ఎప్పుడు నిలిచింది అన్న సంగతులను అవి దేవతల మహిమలతో, రాజుల ప్రస్తావనలతో కలిపి చెబుతాయి. కల్పిత పల్లెకు అటువంటి కైఫీయత్తును రెండు పుటల్లో రాసుకొని, అందులోని ఒక వాక్యాన్ని మాత్రం పొరుగు ఊరివారు ఒప్పుకోనిదిగా ఉంచితే సరిపోతుంది.