కాకి బంగారం

ఎవరైనా మీదేవూరు అంటే గూడూరు అని చెప్తాను. వెంటనే వచ్చే రెండో ప్రశ్న "ఏ గూడూరు?" అని. తప్పు వాళ్ళది కాదు లెండి, కర్నూలు దగ్గరొకటి, బందరు దగ్గరొకటి, మహబూబాబాద్ వైపు ఇంకొకటి ఉన్నాయి. "నెల్లూరు దాటాక వచ్చే జంక్షన్" అంటే మాత్రం టక్కున గుర్తుపడతారు. "ఓ.. చెన్నై వెళ్ళేప్పుడు బండి ఆగుతుంది కదా, నిమ్మకాయల ఊరు!" అంతే. జంక్షన్, నిమ్మకాయలు. మా ఊరి బయోడేటా అక్కడితో అయిపోయింది.

ఆ బయోడేటాలో ఒక పెద్ద ఎక్స్‌పీరియన్స్ రాయకుండా వదిలేశామని నాకు ఈమధ్యే తెలిసింది. అది చెప్పింది మా అవ్వ.

జరిగింది ఇదీ. మా ప్రాజెక్టులో పన్నెండు మంది ఉండే టెస్టింగ్ టీం ఒక్క క్వార్టర్‌లో ముగ్గురయ్యారు. నేను డెవలప్‌మెంట్‌లో ఉన్నాను కాబట్టి నా సీటు మిగిలింది, నిద్ర మిగల్లేదు. నాలుగు రోజులు సెలవు పెట్టి చెన్నై నుంచి ఇంటికొచ్చా. మూడో రోజుకి అవ్వకి అనుమానం వచ్చింది.

"ఏంది అబ్బయా, ఎప్పుడూ లేంది ఇన్ని రోజులుండావు?"

ఏఐ అంటే ఏంటో ఆమెకి వచ్చిన భాషలో చెప్పడానికి తంటాలు పడి, చివరికి ధీమాగా అన్నాను: "మా పని మిషను చెయ్యలేదులే అవ్వా. దానికి బుర్ర యాడుంది?"

అవ్వ నవ్వింది. "మేమూ అట్టనే అనుకున్నాం. మిషనుకి వేళ్ళు యాడుండాయి అని."

అవ్వ పద్నాలుగేళ్ళప్పటి నుంచి గూడూరులో మైకా షెడ్డులో పని చేసింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసు అంటే, మా తాత పేరు తెలిసినట్టు తెలుసు, అంతకుమించి ఎప్పుడూ అడగలేదు. చిన్నప్పుడు సైదాపురం వైపు బస్సులో వెళ్తుంటే రోడ్డు పక్క మట్టి ఎండకి తళతళా మెరిసేది. ఆ రేకులేరుకుని పుస్తకంలో నెమలీక పక్కన దాచుకునేవాళ్ళం. కాకి బంగారం అనేవాళ్ళం. పేరులోనే ఉంది, మెరుస్తుంది కానీ పైసాకి కొరగాదని. ఆ తర్వాత నేను బీటెక్ చదివాను. కెపాసిటర్లలో రకాలు రాయమంటే "మైకా కెపాసిటర్" అని రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది నా పుస్తకంలో దాచుకున్న రేకే అని ఒక్కసారి కూడా తట్టలేదు. మన చదువుల మీద ఇంతకంటే చెప్పేదేముంది!

సరే, అసలు విషయానికొస్తా.

మైకా అంటే అభ్రకం. దాని గొప్పదనమంతా రెండు గుణాల్లో ఉంది. ఒకటి, కాయితాల కట్టలాగా పొరలు పొరలుగా చీలుతుంది. గనిలోంచి వచ్చే ముద్దని "బుక్కు" అనే అంటారు. రెండోది, కరెంటుని పోనివ్వదు, వేడికి మాడదు. రెండు లోహపు రేకుల మధ్య పలుచటి మైకా పొర పెడితే ఏళ్ళ తరబడి విలువ మారని కెపాసిటర్ తయారవుతుంది. 1909లో విలియం డూబిలియర్ అనే అమెరికన్ దీన్ని చేశాడు. అప్పటినుంచి వైర్‌లెస్ సెట్టు అంటే మైకా ఉండాల్సిందే. పాత రేడియోల్లో గాజు వాల్వులు చూశారా? లోపలున్న తీగల్ని అటూ ఇటూ కదలకుండా పట్టుకునే తెల్లటి చిన్న బిళ్ళ ఉంటుంది. అదీ మైకానే.

ఆ రోజుల్లో ప్రపంచం వాడిన రేకు మైకాలో ఎక్కువ భాగం ఇండియాదే. మూడు చోట్ల దొరికేది. ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న కోడెర్మా వైపు, రాజస్థాన్‌లో, మూడోది మా దగ్గర. గూడూరు నుంచి సంగం దాకా సుమారు అరవై మైళ్ళ పొడుగున ఈ రాతిపట్టీ ఉంది. కోడెర్మా మైకా ఎర్రగా ఉంటుంది, దాన్ని రూబీ అనేవారు. మనది లేత ఆకుపచ్చ. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడ తవ్వకాలు ఊపందుకున్నాయి. ఇనుకుర్తి గనిలో పదడుగుల వెడల్పున్న బుక్కులు బయటపడ్డాయని, 30 అంగుళాల పొడవు 24 అంగుళాల వెడల్పుతో ఒక్క పగులు లేని పలకలు తీశారని 1900ల మొదట్లోనే పుస్తకాలకెక్కింది. డైనింగ్ టేబుల్ అంత బుక్కు ఊహించుకోండి!

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి వ్యవహారం ఇంకో స్థాయికి పోయింది. విమానాల రేడియోలకి మైకా, రాడార్లకి మైకా, ఇంజన్ల స్పార్క్ ప్లగ్గులకి మైకా. అమెరికా, బ్రిటన్ కలిసి 1942లో కలకత్తాలో జాయింట్ మైకా మిషన్ అని ఒక ఆఫీసే పెట్టాయి. పని ఒక్కటే, ఇండియా మైకాని కొనడం, శత్రువు చేతికి పోకుండా చూసుకోవడం. అంటే ఇవాళ చిప్పుల కోసం దేశాలు ఎలా కొట్టుకుంటున్నాయో ఆరోజు మా మట్టి కోసం అలా కొట్టుకున్నాయన్నమాట.

ఇంతకీ ఆ పని ఎలా ఉండేది? గనిలోంచి వచ్చిన బుక్కుని శుభ్రం చేసి, అంచులు కత్తిరించి, చీల్చి, సైజు వారీగా వేరు చేయాలి. బీహారు వైపు అంచుల్ని కొడవలితో తీసేవాళ్ళు, మా వైపు కత్తెర. సైజుకి నంబర్లుండేవి. మన దగ్గర ప్రయారిటీ-1 అంటే ఎక్కువ అన్నట్టే అక్కడా నంబరు తగ్గేకొద్దీ విలువ పెరుగుతుంది. ఆరో నంబరు అంటే ఒక చదరపు అంగుళం నుంచి మొదలు. ఒకటో నంబరు రావాలంటే 24 చదరపు అంగుళాలైనా మచ్చలేకుండా తెగాలి. మరక ఉందా, ఎంత ఉంది, చుక్కలున్నాయా అని మళ్ళీ వేరే లెక్క. ఇక బాగా పలుచగా చీల్చేవాటినైతే మిల్లీమీటరులో వందో వంతులు మూడు, దాదాపు ఆ మందానికి దింపాలి. మన తలవెంట్రుకలో సగం కూడా ఉండదు. చేతిలో ఒక చిన్న కత్తి, అంతే. ఇదంతా ఎక్కువగా ఆడవాళ్ళ పని. అవ్వ వేళ్ళతో తడిమి మందం చెప్పేసేదట. "కొలిచే సాధనం మేస్త్రీ దగ్గరుండేది. ఆయన కొలిచినా నేను చెప్పిందే వచ్చేది" అంటుంది ఇప్పటికీ గర్వంగా.

మిషనుకి వేళ్ళు లేవన్న మాట నిజమే. ఎన్నో పనులకి యంత్రాలొచ్చినా మంచి రకం మైకాని చీల్చడం మాత్రం చేతిపనిగానే ఉండిపోయింది. అందుకే వాళ్ళకి ధీమా. ఆ ధీమాలో తప్పు కూడా లేదు.

మరి దెబ్బ ఎక్కడ తగిలింది?

1947 డిసెంబర్లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు ట్రాన్సిస్టర్ చేసి చూపించారు. దాని గొడవ మైకాతో కాదు, వాల్వుతో. నెమ్మదిగా రేడియోల్లోంచి వాల్వులు పోయాయి. వాల్వు పోతే దాంట్లో బిళ్ళతో పనేముంది? ఇంకోపక్క పింగాణీ కెపాసిటర్లు, ప్లాస్టిక్ ఫిల్ము కెపాసిటర్లు చవగ్గా వచ్చాయి. మూడోపక్క మైకా తుక్కుని నూరి గుజ్జు చేసి కాయితంలా పరిచే పద్ధతి వచ్చింది. పెద్ద రేకు ఎందుకు, చీల్చేవాళ్ళెందుకు, తుక్కు చాలు కదా? యుద్ధభయంతో అమెరికా గోదాముల్లో దాచిపెట్టుకున్న మైకాని కూడా అక్కర్లేదని తర్వాత్తర్వాత అమ్మేసుకున్నారు. 1972లో మన కేంద్ర ప్రభుత్వం మైకా ఎగుమతిని తన సంస్థ ఎంఎంటీసీ చేతిలోకి తీసుకుంది, ఆ తర్వాత దానికోసమే మిట్కో అని వేరే సంస్థ పెట్టింది. అప్పటికి నమ్మకంగా కొంటున్న పెద్ద గిరాకీ సోవియట్ యూనియన్. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది.

ఇక్కడే నేను ఆగిపోయాను. మా అవ్వ చేసే పనిని చేసే యంత్రం చివరిదాకా రాలేదు. ఆ పనితో అవసరం లేని వస్తువు వచ్చింది. రెండూ ఒకటి కాదు. మనం ఆఫీసు క్యాంటీన్లో రోజూ వాదించుకునేది మొదటిదాని గురించి. "ఏఐ నాలాగా కోడ్ రాయగలదా, నా అంత బాగా డీబగ్ చేయగలదా?" అని. బహుశా చేయలేకపోవచ్చు కూడా. అయితే ఏంటి? నేను రాసే ఆ స్క్రీను, ఆ రిపోర్టు, ఆ మైగ్రేషన్ స్క్రిప్టు అసలు ఎవరికీ అక్కర్లేని రోజు వస్తే నా వేళ్ళు ఎంత గొప్పవైతే ఏం లాభం?

మా కొలీగ్‌తో ఫోన్లో ఇదంతా చెప్తే "మరీ ఇంత నెగెటివ్ గా ఆలోచించకు, పాత పోతే కొత్త వస్తుంది" అన్నాడు. నిజమే, వచ్చింది. ట్రాన్సిస్టర్ వల్ల ప్రపంచానికి మంచే జరిగింది, అది లేకపోతే నాకీ ఉద్యోగమే లేదు. కాకపోతే కొత్తది వచ్చింది సైదాపురంలో కాదు, అవ్వకి కాదు. మధ్యలో ఇరవై ముప్పై ఏళ్ళు గడిచాయి. షెడ్డు మూసేసిన రోజున అవ్వకి నలభై దాటాయి. మిరపకాయల కోతకి పోయింది, నిమ్మతోటల్లో కాయలు ఏరింది. మా నాన్నని డిగ్రీ దాకా చదివించింది. ఆ గ్యాపంతా ఒక తరం వీపు మీద మోసింది. మనం "డిస్రప్షన్" అని ఒక్క మాటలో తేల్చేసేది ఇదే.

ఒక్క విషయంలో మాత్రం వాళ్ళు మనకంటే నయం. 1946లోనే మైకా గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం అని ఒకటొచ్చింది. ఎగుమతయ్యే మైకా మీద సుంకం వేసి ఆ డబ్బుతో కార్మికులకి వైద్యం, నీళ్ళు, బళ్ళు చూడాలని. మా వైపు కలిచేడులో ఆసుపత్రి ఆ నిధితో నడిచిందే. మా తాత గనిలో డ్రిల్లింగ్ చేసేవాడు. దగ్గుతూ దగ్గుతూ పోయాడు. టీబీ అన్నారట, రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్ అయ్యుండొచ్చని ఇప్పుడు నాకనిపిస్తుంది. ఆ నిధి ఆయన్ని బతికించలేదు. కానీ సరుకు నుంచి వచ్చే లాభంలో కొంత ఆ సరుకు తీసే మనిషికి చెందాలి అని చట్టంలో రాసుకున్న కాలం అది. వేల కోట్ల సాఫ్ట్‌వేర్ ఎగుమతుల మీద అలాంటి ఆలోచన ఎవరైనా చేశారా? మనమే అడగలేదు. మనం కార్మికులమని మనకే అనిపించదు కదా, మెడలో ట్యాగ్ ఉంటుంది.

ఇక ఈ కథలో ట్విస్టు. మైకా కోసం తవ్వినప్పుడు దాంతోపాటు తెల్లరాయి, అదే క్వార్ట్జ్, గుట్టలు గుట్టలుగా వచ్చేది. పనికిరాదని గని పక్కనే పారబోసేవాళ్ళు. ఇప్పుడు ఆ రాయికే గిరాకీ. అమెరికాలో నార్త్ కరోలినాలో స్ప్రూస్ పైన్ అని ఒక చిన్న ఊరుంది. అదీ ఒకప్పుడు మా ఊరిలాగా మైకా ఊరే. సిలికాన్ కరిగించే మూసలకి కావలసిన అతి శుద్ధమైన క్వార్ట్జ్‌కి ఇవాళ ప్రపంచం ఆ ఊరి మీద ఆధారపడింది. 2024 సెప్టెంబర్లో హెలీన్ తుఫాను వచ్చి అక్కడి గనులు ఆగిపోతే చిప్పుల కంపెనీలు కంగారుపడ్డాయి, గుర్తుండే ఉంటుంది. మా రాయి అంత శుద్ధమైనదని నేననడం లేదు. కానీ దీని ధర పెరిగాక మా వైపు ఏం జరిగిందో పేపర్లు చదివేవాళ్ళకి తెలుసు. పొదలకూరు మండలంలో గడువు తీరిన ఒక పాత మైకా గనిలో అక్రమంగా క్వార్ట్జ్ తవ్వారని 2025లో కేసు పెట్టారు, ఒక మాజీ మంత్రి అరెస్టయ్యారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. అదే 2025 ఫిబ్రవరిలో కేంద్రం మైకా, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, బెరైటీస్ నాలుగింటినీ చిన్న తరహా ఖనిజాల జాబితాలోంచి తీసి ప్రధాన ఖనిజాల్లో కలిపింది. కారణం, ఈ రాళ్ళలోనే లిథియం, బెరీలియం, నియోబియం లాంటివి దొరికే అవకాశముంది. అవి బ్యాటరీలకి, ఎలక్ట్రానిక్స్‌కి కావాలి. అంటే మా ఊరి మట్టికి మళ్ళీ మంచిరోజులు రావచ్చు. మట్టికి అంటున్నా, గమనించండి. పారబోసిన రాయిని ఎనభై ఏళ్ళు చూసినవాళ్ళకి దాని విలువ తెలీదు, విలువ తెలిసినవాళ్ళు లారీలతో వచ్చారు.

తిరిగి వచ్చే ముందురోజు అవ్వని అడిగాను. "నువ్వు చీల్చిన మైకా యాడికి పోతాదో, దేనికి వాడతారో నీకు తెలుసా?" అని.

"రేడియోల్లోకి అనేవోళ్ళు, ఇమానాలకి అనేవోళ్ళు. మనకెందుకబ్బా? సైజు చెప్తే ఆ సైజు తీసేవోళ్ళం" అంది. కాసేపాగి, "నీది యాడికి పోతాది?" అని అడిగింది.

ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి అని చెప్పాను. వాళ్ళేం చేసుకుంటారు అంది. క్లెయిముల లెక్కలు అన్నాను. ఆ లెక్క నువ్వు చేసే పద్ధతిలో ఇంకెన్నేళ్ళు కావాలంట వాళ్ళకి అంది.

మూడేళ్ళుగా అదే మాడ్యూల్ రాస్తున్నాను. నాకు తెలీదు.

సోమవారం ఆఫీసుకెళ్ళి మా లీడ్‌ని అడిగాను. ఆయన స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే "మనకెందుకు భయ్యా, రిక్వైర్‌మెంట్ వస్తే చేస్తాం" అన్నాడు.