ఇద్దరు దాతలు, ఒక బోరుబావి

పల్నాటివారికి ఇరుగుపొరుగు రాజ్యాల పోలిక కొత్త కాదు. గురజాలనూ మాచెర్లనూ పక్కపక్కన పెట్టి తర్కించుకోవడం మనకు తరతరాల అలవాటు. ఆ అలవాటుతోనే ఒక చిన్న సముద్రానికి అటూ ఇటూ ఉన్న హాలెండు, బ్రిటన్‌లను పరిశీలిద్దాం. మొదట డచ్చివారు, తర్వాత 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టారు. నాడు మన నేతబట్టలు కొనవచ్చిన ఈ ఇద్దరే ఇరవయ్యవ శతాబ్దం చివర మన మెట్టరైతుకు దాతలై వచ్చారు.

సాగర్ కుడికాలువ పల్నాటి గుండా పారుతున్నా వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టలకు ఆ నీరు ఎక్కదు. అక్కడ సేద్యమంటే బోరు, మోటారు, కరెంటు. పొరుగున ప్రకాశం, నల్లగొండ మెట్టల బతుకూ అదే. కనుక ఆ జిల్లాల్లో జరిగిన కథ మనకు పరాయిది కాదు.

1995 నుంచి 2003 వరకు ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో డచ్చి ప్రభుత్వ సహాయంతో 'ఏపీవెల్' పథకం నడిచింది. కొందరు సన్నకారు రైతులు సంఘంగా ఏర్పడి ఒక బోరును పంచుకోవాలి. వాన ఎంత కురిసిందో, బోరులో నీటిమట్టం ఎంత దిగిందో రైతులే కొలిచి, రాసుకొని, ఆ లెక్కను చూసి ఏ పైరు వేయాలో తేల్చుకోవాలి. భూగర్భజల శాస్త్రం నాగలి పట్టిన చేతికి అందడం చిన్న సంగతి కాదు. 1989లో మొదలైన మహిళా సమాఖ్యకు సొమ్ము ఇచ్చిందీ డచ్చివారే.

బ్రిటిష్ ప్రభుత్వం 1997లో అంతర్జాతీయ అభివృద్ధి శాఖను నెలకొల్పి, ఆంధ్రప్రదేశ్‌ను తన సహాయానికి ముఖ్య రాష్ట్రాల్లో ఒకటిగా ఎన్నుకుంది. మెట్ట గ్రామాల జీవనోపాధికి అదీ ధనమిచ్చిన మాట నిజం. అయితే దాని చూపు ఎక్కువగా సచివాలయం మీద నిలిచింది. 1998 విద్యుత్ సంస్కరణల చట్టం తర్వాత 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును చీల్చారు. ఈ సంస్కరణకు ప్రపంచబ్యాంకు అప్పు ఇచ్చింది, బ్రిటన్ గ్రాంటు ఇచ్చింది. 2000లో చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు మరణించారు.

అంటే ఒక దాత బోరు తవ్వించాడు. పొరుగుదాత ఆ బోరును నడిపే కరెంటు ధర పెంచే సంస్కరణకు సొమ్ము పెట్టాడు. ఆ రెండు ఉత్తర్వులూ ఒకే రైతు గుమ్మానికి వచ్చాయి.

ఈ తేడా మంచితనంలో ఉన్న తేడా అనుకుంటే పొరబాటు. హాలెండు చిన్న రాజ్యం. జాతీయాదాయంలో 0.7 శాతం సహాయానికి కేటాయించాలన్న లక్ష్యాన్ని 1975లోనే చేరుకొని, ప్రపంచంలో గౌరవం సంపాదించుకుంది. బ్రిటన్ భద్రతామండలి శాశ్వత సభ్యురాలు, ప్రపంచబ్యాంకులో పెద్ద వాటాదారు. దానికి విధానాల మీదే పట్టు కావాలి. పైగా ఇద్దరూ వర్తకాన్ని మరువలేదు. అంతకు ముందరి దశాబ్దాల్లో డచ్చి సహాయంలో ఎరువుల దిగుమతికి పెద్ద చోటుండేది. బ్రిటన్ 1986లో సహాయం పేరిట 21 వెస్ట్‌లాండ్ హెలికాప్టర్లు అంటగట్టింది. 1991 నాటికి అవి ఎగరడం మానేశాయి.

ఇచ్చేవారిని ప్రశ్నించే హక్కు పుచ్చుకునేవారికి ఉన్నదా? 2001లో మెదక్ జిల్లాలో జరిగిన 'ప్రజాతీర్పు' సభలో చిన్నరైతులు, ముఖ్యంగా స్త్రీలు, న్యాయనిర్ణేతలుగా కూర్చొని రాష్ట్రప్రభుత్వపు 'విజన్ 2020'ను తిరస్కరించారు. బ్రిటిష్ అధికారులు ఆ సభ జరిపిన పద్ధతినే తప్పుపట్టారు. 2003లో చిన్న దాతల సహాయం ఇక అక్కరలేదని భారతప్రభుత్వం నిర్ణయించింది. హాలెండుకు సెలవు చెప్పింది, బ్రిటన్‌ను ఉంచుకుంది. నీటి లెక్కలు రాసుకుంటున్న రైతును ఆనాడు ఢిల్లీ అడిగిందీ లేదు. 2012 జనవరిలో భారత్ యుద్ధవిమానాల బేరంలో టైఫూన్‌ను కాదని ఫ్రెంచి రఫేల్ వైపు మొగ్గగానే, భారత్‌కు సహాయం దేనికని లండన్‌లో గోల లేచింది. ఆ ఏడాది నవంబరులో బ్రిటన్ 2015తో గ్రాంట్లు ఆపుతామన్నది. 2020లో ఆ అభివృద్ధి శాఖే విదేశాంగశాఖలో కలిసిపోయింది.

దాతలు తమ లెక్కల ప్రకారం వచ్చారు, తమ లెక్కల ప్రకారం పోయారు. మన వద్ద మిగిలిన విలువైన ఆస్తి రైతు నేర్చుకున్న ఆ కొలత. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చి కరెంటు బాధ తీర్చింది. పాతాళానికి దిగే నీటి లెక్క మాత్రం ఇంకా తీరలేదు.

2023 నవంబరులో మాచెర్లలో వరికపూడిశెల ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. అటువంటి పనులకు ఏ దేశపు అప్పు వచ్చినా, ఏ బ్యాంకు సొమ్ము వచ్చినా, పల్నాటి మెట్టరైతు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: లెక్కపుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది?