ఆ ఫీజు ఎవరు కట్టారు?

ఏటా జూన్‌లో అందరం ఫీజు కడుతుంటే, మా బెంచీలో ఒక మిత్రుడు మాత్రం సైనిక కార్యాలయం ఇచ్చిన సర్టిఫికెట్ తెచ్చేవాడు. వాళ్ల నాన్నగారు 1971 యుద్ధంలో కాలు పోగొట్టుకున్న జవాను. మేము వాణ్ణి 'ఫ్రీ' అని ఏడిపించేవాళ్లం. వాడు తలవంచుకునేవాడు. ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆ తప్పు ఒప్పుకుని, ఆ కాగితం చరిత్ర రాయాలనిపించింది.

1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. రెండు రోజులకే, యుద్ధంలో మరణించిన, వికలాంగులైన సైనికుల పిల్లల చదువుకు రాయితీ ఇస్తామని ప్రభుత్వం లోక్‌సభలో ప్రకటించింది. ట్యూషన్ ఫీజు, హాస్టల్, పుస్తకాలు, యూనిఫాం ఖర్చులు 1972 నుంచి ఇవ్వసాగారు. తర్వాత శ్రీలంక, సియాచిన్‌లలో బలైన వారి పిల్లలకూ వర్తింపజేశారు.

అయితే ఇది చట్టం కాదు, ఉత్తర్వు. అమెరికా తన సైనికుల చదువుకు 1944లో 'జీఐ బిల్లు' పేరుతో చట్టమే చేసింది. అక్కడ మాజీ సైనికులు లక్షల్లో ఉన్నారు, బలమైన సంఘాలున్నాయి. మన దగ్గర ఈ పిల్లలు కొద్దివేల మంది. ఏ ఎన్నికలోనూ వీళ్ల ఓటు లెక్కకు రాదు.

ఉత్తర్వుతో ఇచ్చినదాన్ని ఉత్తర్వుతోనే తగ్గించవచ్చు. ఏడో వేతన సంఘం సిఫార్సుల అమలులో భాగంగా 2017 సెప్టెంబరులో ట్యూషన్, హాస్టల్ కలిపి నెలకు 10,000 రూపాయలు మించరాదన్నారు. రెండున్నర లక్షల కోట్లు దాటిన రక్షణ బడ్జెట్‌లో దీనివల్ల ఏటా మిగిలేది సుమారు 3.20 కోట్లు. నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్‌కు లేఖ రాశారు. విమర్శలు పెరిగాయి. 2018 మార్చిలో పరిమితి ఎత్తేశారు. గుర్తింపు పొందిన విద్యాసంస్థలో చదవాలన్న షరతు మాత్రం ఉంచారు. అది సబబే.

ఇంజనీరుగా అంచనాలు వేయడం నా వృత్తి. ప్రజాధనానికి లెక్క ఉండాల్సిందే. కానీ ఒప్పందం ప్రకారం అవతలివాడు పని పూర్తిచేశాక రేటు తగ్గిస్తే, దాన్ని పొదుపు అనరు.

మన బడి ఆఫీసులో ఇవాళ ఏ పిల్లవాడైనా అలాంటి కాగితం తెస్తే, మాస్టార్లకు నాదొక్కటే మనవి. వాణ్ణి తలెత్తుకుని నిలబడనివ్వండి. నా మిత్రుడు ఉచితంగా చదవలేదు. వాళ్ల నాన్నగారు ముందే ఫీజు కట్టేశారు.